దమ్ముకు మందు

బహ్రెయిన్‌లోని సిత్రాలో నన్ను పిచ్చిమొక్కల డాక్టరమ్మ అంటారు. నా వెనక అనుకునే మాట అది. నాకు తెలియదనుకుంటారు గానీ తెలుసు. తెలిసీ ఊరుకుంటాను, అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి. పదకొండేళ్ళుగా ఈ ద్వీపంలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా మొలిచే ప్రతి మొక్కనీ ఏరుతున్నాను. పాత పేపర్ల మధ్య పరిచి, పైన నా మెడిసిన్ పుస్తకాలు బరువు పెట్టి, ఎండాక అట్టకు అంటించి, జింజ్‌లోని మా ఫ్లాట్‌లో మంచం కింద దాస్తున్నాను. మంచం మీద మాత్రం తనకింకా చోటుందని మా ఆయన సంతోషిస్తూ ఉంటారు.

"ఎడారిలో మొక్కలేమిటండీ?" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే. ఏసీ ఎక్కడ కారుతుందో అక్కడ చూడండి. నేను డ్యూటీ చేసిన క్లినిక్ సిత్రాలో, చమురు ట్యాంకుల మధ్య ఉండేది. దాని చుట్టూ కంపెనీలకు మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టర్ల క్యాంపులు. క్యాంపులో ప్రతి గదికీ ఒక ఏసీ, ప్రతి ఏసీకీ గోడ వెనక్కి ఒక గొట్టం, గొట్టం కింద అరచేతి వెడల్పు తడి. ఆ తడిలో గడ్డి మొలుస్తుంది, పావురాలు తెచ్చి పడేసిన విత్తనాలు మొలుస్తాయి, మనవాళ్ళు ఊరి నుంచి జేబులో తెచ్చుకున్న గింజలు మొలుస్తాయి. మాది కృష్ణా జిల్లా, నేను గోంగూర అంటాను. క్యాంపుల్లో ఉన్నది ఎక్కువగా ఉత్తర తెలంగాణ వాళ్ళు, వాళ్ళు పుంటికూర అంటారు. నా గంగపాయల వాళ్ళకి గంగవాయిలి. ఒకే ఆకును రెండు పేర్లతో పిలుచుకుంటూ బాగానే నవ్వుకునేవాళ్ళం.

ఈ పిచ్చి నాకు గుంటూరు మెడికల్ కాలేజీ లైబ్రరీలో పట్టుకుంది. కింది అరలో, ఎవరూ ముట్టని దుమ్ములో, తెల్లదొరల కాలం నాటి మొక్కల పుస్తకాలు ఉండేవి. రాసినవాళ్ళంతా మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ డాక్టర్లు. పొద్దున్న సిపాయిల పుండ్లు కడిగి, సాయంత్రం గుర్రమెక్కి మొక్కలు ఏరుకున్నవాళ్ళు. వాళ్ళ ఓపిక చూస్తే ముచ్చటేసేది, వాళ్ళ పొగరు చూస్తే ఒళ్ళు మండేది. ప్రతి మొక్క కిందా దొరగారి పేరుంటుంది. కొన్ని మొక్కలకైతే దొరగారి పేరే పేరు. ఈ ఆకు కామెర్లకి పనికొస్తుందని ఆ దొరకి చెప్పిందెవరు? పుస్తకంలో "ఒక నేటివు" అని ఉంటుంది. ఒక నేటివు స్త్రీ, ఒక నేటివు కూలీ. ఆమెకు తల్లిదండ్రులు పేరు పెట్టలేదా? ఇరవై ఏళ్ళ వయసులో ఆ మాట చదివి పుస్తకం మూసేశాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అందుకే నా అట్టల మీద ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూలన ఒక చిన్న చీటీ. దాని మీద మొక్క పేరు, దొరికిన చోటు, ఉపయోగం, చివరి వరసలో "పేరు చెప్పినవారు". అవాలిలో పాత బంగళాల కంచె పక్కన దొరికిన ముళ్ళ మొక్కకి అక్కడి బహ్రెయినీ తోటమాలి పేరు, అతని తండ్రి పేరుతో సహా రాశాను. మన తెలుగు సంఘం వాళ్ళు ఒక ఉగాదికి నన్ను మాట్లాడమంటే తెర మీద బొమ్మలు వేసి మరీ ఈ సంగతి చెప్పాను. "కంపెనీ డాక్టర్లు చేసిన అన్యాయం ఈ డాక్టరు చెయ్యదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు చాలా నచ్చాయి.

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. నా నలుపు నాకు చూపించిన మనిషి సంగతి ఇప్పుడు చెప్తాను.

రెండేళ్ళ కిందట, ఎండలు ముదరకముందు, ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి క్యాంపు వ్యాను క్లినిక్ ముందు ఆగింది. ఇద్దరు మనుషులు మూడో మనిషిని రెక్కలు పట్టుకుని దింపారు. నలభై అయిదేళ్ళుంటాయి. పాత ట్యాంకుల లోపల ఇసక కొట్టి తుప్పు రాల్చే పని అతనిది. నిలబడలేకపోతున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది, ఒళ్ళు చెమట లేకుండా పొడిగా కాలిపోతోంది, మాట ముద్దగా ఉంది, గాలిలో లేని దారాలేవో వేళ్ళతో లాగుతున్నాడు. ఒకసారి నన్ను చూసి "అక్కా, బర్రెను గట్టేసినవా?" అని అడిగాడు. తీసుకొచ్చినవాళ్ళు నవ్వారు. మా మలయాళీ నర్సు బయటున్న ఇరవై మంది క్యూ వైపు చూసింది. నేను వేలికి పెట్టే క్లిప్పు తీసుకుని నాడి చూశాను. ఎడమ చూపుడువేలికి చివరి కణుపు లేదు, క్లిప్పు జారిపోతుంటే పక్క వేలికి మార్చాను. నాడి పరిగెడుతోంది. కంటి పాపలు ఇంతింత విచ్చుకుని ఉన్నాయి. ఇవన్నీ నేను కేస్ షీట్‌లో రాశాను కూడా.

"ఏం తాగావు?" అని గట్టిగా అడిగాను.

అతనికి ఒక్క క్షణం తెలివి వచ్చింది. నా తెల్లకోటు చూశాడు. చెప్పాల్సినవాళ్ళకి చెప్తున్నానన్న నమ్మకంతో చెప్పాడు.

"మందు తాగిన అమ్మా."

"ఎంత?"

"గిలాసెడు."

రాసేశాను. ఆల్కహాల్ తీసుకున్నట్టు రోగి స్వయంగా ఒప్పుకున్నాడు. సెలైన్ పెట్టి, ఆ కాగితం చేతికిచ్చి, పెద్దాసుపత్రికి పంపించి, తర్వాతి మనిషిని పిలిచాను. నా చేతిలో అతనికి దొరికిన సమయం పది నిమిషాలు.

గురువారం క్యాంపు ఆఫీసు నుంచి ఫోను. అక్కడ కాగితాలు చూసే ఆఫీసరు మన తెలుగువాడే, మా పక్క జిల్లా.

"చాలా థ్యాంక్సండీ మేడంగారూ. మీ కాగితంతో పని తేలికైపోయింది. డ్యూటీలో తాగాడు, ఇంక మాట్లాడేదేముందండీ? ఆదివారం ఫ్లైటెక్కించేస్తున్నాం. మళ్ళీ ఇటు రాకుండా వీసా కూడా ఖలాస్."

"ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారా?" అని అడిగాను, ఏదో అడగాలి కాబట్టి.

"మీరు రాశాక పరీక్షెందుకండీ?" అన్నాడు. నిజమే కదా అనుకుని ఫోను పెట్టేశాను.

శుక్రవారం సెలవు. పురుగు పట్టకుండా నెలకోసారి అట్టలన్నీ బయటికి తీసి, మధ్య పేపర్లు మార్చడం నాకు అలవాటు. మా నర్సు తన ఇంట్లో పోగుపడ్డ మలయాళం పేపర్లు నా కోసం దాచి ఇస్తుంది. వాటిని పరిచి కూర్చున్నాను. పక్కన మా ఆయన టీ తాగుతూ, చదవడం రాకపోయినా ఆ మలయాళం పేపర్లలో బంగారం ధర వెతుకుతున్నారు. ఒక అట్ట తీశాను. ఉమ్మెత్త. గరాటు ఆకారంలో తెల్లపువ్వు, ముళ్ళకాయ, అన్నీ చక్కగా కుదిరిన అట్ట. కింద చీటీ మీద నా చేతిరాత.

ఉమ్మెత్త. సిత్రా, క్యాంపు గోడ వెనక, ఏసీ నీళ్ళ దగ్గర. ఉపయోగం: దమ్ముకు (ఉబ్బసానికి) మందు. ఎండిన ఆకు కాల్చి పొగ పీలుస్తారు. పేరు చెప్పినవారు: ఒక లేబర్.

ముందు నా కళ్ళు "మందు" దగ్గర ఆగాయి. మంగళవారం వచ్చిన ఆ మనిషి గుర్తొచ్చాడు. పాపలు విచ్చుకోవడం, ఒళ్ళు పొడిగా కాలిపోవడం, గాలిలో దారాలు లాగడం. మెడిసిన్ రెండో ఏడు పిల్లని లేపి అడిగినా ఉమ్మెత్త అని చెప్తుంది. మంచం కింద ఉమ్మెత్త పెట్టుకుని పడుకునే నేను చెప్పలేకపోయాను. ఎందుకు? మాట ఒకటే. నా అట్టల మీద కొన్ని వందలసార్లు మందు అని రాసుకున్నాను, ప్రతిసారీ వైద్యం అనే అర్థంలో. అదే మాట ఒక కూలీ నోట్లోంచి వస్తే నా చెవికి సారా వినబడింది. నేనంటే వైద్యం, అతనంటే తాగుడు! మూడో అర్థం కూడా ఉంది. మా వైపైనా వాళ్ళ వైపైనా "మందు తాగాడు" అంటే పురుగుల మందేమోనని గుండె ఝల్లుమనాలి. నాకు అదీ తట్టలేదు.

అప్పుడు వేలు గుర్తొచ్చింది. ఆ ఉమ్మెత్తను నేను కోసుకున్న రోజు గోడ వెనక ఒకతను గిన్నె కడుక్కుంటున్నాడు. "గది దమ్ముకు మందమ్మా, మా నాయన పొగ వెట్టుకుంటుండె" అని చెప్పాడు. వేలు ఏమైందని అడిగితే సెంట్రింగ్ పనిలో పోయిందన్నాడు. వేలి గురించి అడిగాను గానీ పేరు అడగలేదు. చీకటి పడుతోందని, వ్యాను వెళ్ళిపోతుందని, ఒక లేబర్ అని రాసుకుని వచ్చేశాను. ఉగాది నాటి చప్పట్లు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది.

"నేను సిత్రా వెళ్ళాలి" అన్నాను. మా ఆయన టీ పక్కన పెట్టి కారు తాళాలు తీశారు.

క్యాంపు గదిలో అతను అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి పంపించేశారట. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. గది మధ్యలో నిలబడి ఊపిరి తీసుకుంటుంటే ఛాతీలో పిల్లికూతలు నాకు గుమ్మం దగ్గరికే వినిపించాయి.

"ఉమ్మెత్త తాగావా?" అన్నాను.

"అవునమ్మా. మీకు జెప్పిన గద, మందు తాగిన అని."

"నేను ఆ మందు అనుకోలేదు."

అతను అర్థం కానట్టు చూశాడు. "మందంటే మందే కదమ్మా" అన్నాడు.

పొగ పీల్చేదాన్ని తాగడమేమిటని అడిగాను. చెప్పాడు. వాళ్ళ నాన్న ఎండిన ఆకును చుట్టలో చుట్టి కాల్చేవాడు, దమ్ము వదిలేది. ఇక్కడ చుట్టూ చమురు ట్యాంకులు. అగ్గిపెట్టె గానీ లైటర్ గానీ జేబులో దొరికితే ఆ రోజే ఇంటికి తోలేస్తారు. గదుల్లో కూడా తనిఖీలు. "గందుకే కరెంటు పొయ్యి మీద ఉడ్కవెట్టి తాగిన. ఎంత ఎయ్యాల్నో తెల్వలే." రూలు తప్పకూడదనుకుని చచ్చేంత పని చేసుకున్నాడు.

"క్లినిక్‌కి రావచ్చుగా, ఆయాసమని చెప్పచ్చుగా!" అని అరిచాను. అతని మీద కాదు ఆ కోపం, అయినా అతని మీదే అరిచాను.

"దమ్మున్నదని మీరు రాస్తిరంటే అన్‌ఫిట్ అంటరమ్మా. అన్‌ఫిట్ అంటే ఇంటికే. తాగిండంటే గూడ ఇంటికే. ఇంటికి వోవుడు గాదమ్మా నా బాధ." పెట్టె మీద కూర్చున్నాడు. "నేను కల్లు సుత ముట్టనోణ్ణి. మా నాయిన తాగి తాగి సచ్చిండు, మా అవ్వకు మాటిచ్చిన. గిప్పుడు దుబాయిల తాగి పనిలకెల్లి తీసేసిన్రట అని ఊరంత తెల్సింది. మా అవ్వ ఫోన్ల మాట్లాడ్తలేదు. గా తాగిండు అన్న మాట ఒక్కటి కొట్టెయ్యుండ్రమ్మా. ఆన్నించి ఉంచుతరో, తోల్తరో, వాళ్ళిష్టం."

ఆ మాట రాసింది నేను. ఒక మనిషి ఇరవై ఏళ్ళకు పైగా తల్లికిచ్చిన మాట నిలబెట్టుకుంటే, నా పెన్ను ఒక్క వరసలో దాన్ని అబద్ధం చేసింది.

శనివారం పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళి కేస్ షీట్ తీశాను. మా వృత్తిలో ఒక రూలుంది. రాసింది తప్పయితే తుడవకూడదు, తెల్లరంగు పూయకూడదు, కాగితం మార్చకూడదు. పాత మాట కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. అలాగే చేశాను. ఉమ్మెత్త కషాయం వల్ల విషప్రభావం, మద్యం కాదు, నేను పొరబడ్డాను. ఆ తర్వాత అతని ఛాతీ మళ్ళీ పరీక్ష చేసి ఇంకో కాగితం రాశాను. ట్యాంకుల్లో ఇసక కొట్టే పని వల్ల ఊపిరి దెబ్బతిన్నట్టు నా అభిప్రాయం, ఆ పనికి పంపకూడదు, దుమ్ములేని పని ఇచ్చి వైద్యం చేయించాలి. ఒక కాపీ లేబర్ ఆఫీసుకి అని కింద టైపు చేయించాను. మా నర్సు స్టాంపు నా ముందు పెడుతూ "డాక్టర్, ష్యూర్?" అంది. స్టాంపు నేనే వేశాను, బల్ల అదిరేలా.

క్యాంపు ఆఫీసులో మన పక్క జిల్లా ఆఫీసరు ఆ రెండు కాగితాలూ చదివి, మళ్ళీ చదివి, కళ్ళజోడు తీశాడు.

"అదేంటండీ మేడంగారూ! మొన్న మీరేగా తాగాడని రాశారు?"

"తప్పు రాశాను. ఆ మాటా రాశాను, చూడండి."

"పోనీ తాగలేదనే రాయండి, ఈ దుమ్ము గొడవెందుకండీ? పనివల్ల జబ్బు అంటే నూట ఎనభై మంది రేపు లైన్లో నించుంటారు."

"నించోనివ్వండి. నాకు స్టెతస్కోపు ఉంది."

సంచిలోంచి ఉమ్మెత్త అట్ట తీసి అతని బల్ల మీద, కీబోర్డు మీదే పెట్టాను. మీ క్యాంపు గోడ వెనకదే, చదవండి అన్నాను. చీటీ చదివి, అట్టను జాగ్రత్తగా కీబోర్డు మీంచి పక్కకి జరిపాడు. పాపం, చెడ్డవాడేమీ కాదు.

"నేనూ పొరబడ్డానండీ" అన్నాడు చివరికి. "ఆ రోజు వ్యానెక్కిస్తుంటే నాతోనూ అన్నాడు మందు తాగానని. మందంటే మందే కదా అనుకున్నాను."

ఒకే వాక్యం. నిన్న అతని నోట విన్నాను, ఈ రోజు ఇతని నోట. రెండింటి మధ్య ఒక మనిషి బతుకు నలుగుతోంది.

"మీకేంటండీ, దమ్ముంది, రాసేస్తారు. నాకు పిల్లల ఫీజులున్నాయి" అని గొణిగాడు.

"దమ్ము నాకు కాదండీ ఉన్నది, అతనికి. దానికే మందు అడుగుతున్నాను" అన్నాను. నవ్వబోయి ఆపుకున్నాడు. కాగితాలు పై ఆఫీసరుకి పంపించాడు, అది మాత్రం నిజం.

మధ్యాహ్నానికి మా క్లినిక్ యజమాని ఫోను చేశాడు. ఆ కాంట్రాక్టరు పోతే సిత్రా క్లినిక్ మూసుకోవాల్సిందేనని మర్యాదగానే చెప్పాడు, రెండో కాగితం వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోనన్నాను. ఉద్యోగం గురించి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకున్నాను, తీసుకోనన్నాను. భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను, వేసింది. ఫోను కింద పెట్టాక నా జీతం లేకపోతే ఇల్లెలా నడుస్తుందో లెక్క వేసుకున్నాను. కానీ తెల్లదొరల పుస్తకం మూసేసిన ఇరవై ఏళ్ళ పిల్ల ఎదురుగా నిలబడి నన్నే చూస్తున్నట్టుంది, దాని ముందు తల దించుకోవడం నా వల్ల కాలేదు.

ఆదివారం టిక్కెట్టు రద్దయింది. వారం తర్వాత అతన్ని సామాన్ స్టోరులో వేశారు. చేతి తొడుగులు, హెల్మెట్లు లెక్కపెట్టి ఇచ్చే పని. ఛాతీకి పీల్చే మందు రాశాను. ఇది కూడా మందే, దీనికి అగ్గిపెట్టె అక్కర్లేదు అంటే నవ్వాడు. నూట ఎనభై మంది రాలేదు, పదిహేడు మంది వచ్చారు. పదిహేడు మందివీ రాశాను. ఆ తర్వాత నన్ను సిత్రా నుంచి తీసి జింజ్ బ్రాంచిలో వేశారు, బీపీలు షుగర్లు చూసుకోమని. ఇంటికి నడిచెళ్ళే దూరం. దాన్ని శిక్ష అనుకుని వేశారు, అనుకోనివ్వండి. శుక్రవారాలు నావి. సంచి పుచ్చుకుని సిత్రా వెళ్తూనే ఉన్నాను, గోడల వెనక ఏసీలు కారుతూనే ఉన్నాయి.

అతన్ని స్టోరులో వేశాక మొదటి శుక్రవారం ఆ అట్ట తీసుకుని అక్కడికి వెళ్ళాను. "ఒక లేబర్" అన్నదాని మీద అప్పటికే ఒక గీత కొట్టి ఉంచాను. పెన్ను ఇచ్చి, మీ పేరు రాయండి అన్నాను.

"గడ్డి కాయితం మీద నా పేరెందుకమ్మా?"

"ఈ మందు నాకు చెప్పింది మీరు."

హెల్మెట్ల పెట్టె మీద అట్ట ఆనించుకుని, నాలుక చివర పంటితో నొక్కిపట్టి రాశారు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. ఆ పేరు ఇక్కడ రాయను. ఎక్కడ ఉండాలో అక్కడ, ఆయన చేతిరాతలోనే ఉంది. రాశాక పై వరస వంక వంగి చూశారు.

"గిదేంది, కొట్టేసింది? ఎవలు రాసిన్రమ్మా?"

"నేనే."

"మంచిగ కొట్టెయ్యకపోతిరి. ఇంక కనవడ్తుంది."

"కనబడాలి" అన్నాను.